థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టాక తొలి రెండు నెలలు: తరచుగా అడిగే ప్రశ్నలు

చెన్నైలో మందుల దుకాణం కౌంటరు వెనక చాలా ఏళ్లుగా ఫార్మసిస్టుగా నిలబడుతున్న నన్ను, థైరాయిడ్ మాత్రల సీసా మొదటిసారి చేతిలోకి తీసుకున్న తెలుగువారు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకే రకంగా ఉంటాయి. డాక్టరు గదిలో అడగడానికి మొహమాటపడి, చీటీ మడతపెట్టుకుంటూ ఇక్కడ అడిగే ప్రశ్నలు అవి. థైరాయిడ్ గ్రంథి తక్కువగా పనిచేస్తున్నవారికి, అంటే హైపోథైరాయిడిజం ఉన్నవారికి ఇచ్చే లెవోథైరాక్సిన్ మాత్ర గురించే ఈ సమాధానాలు రాశాను. గ్రంథి ఎక్కువగా పనిచేసేవారికి ఇచ్చే మందులు వేరు, వాటి ఇబ్బందులు కూడా వేరు.

ఈ మాత్రలో అసలు ఏముంది? దీనికి సైడ్ ఎఫెక్టులు ఉంటాయా?

ఇందులో ఉన్నది మన మెడలోని గ్రంథి రోజూ తయారుచేసే థైరాక్సిన్ అనే హార్మోనే. కాకపోతే దీన్ని ఫ్యాక్టరీలో తయారుచేస్తారు. అమెరికా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ కెండాల్ 1914లో మేయో క్లినిక్‌లో దీన్ని మొదటిసారి వేరుచేశాడు. 1920ల చివరికి దీన్ని ప్రయోగశాలలో తయారుచేయడం కూడా సాధ్యమైంది. థైరోనార్మ్, ఎల్‌ట్రాక్సిన్, థైరాక్స్ వంటి పేర్లతో మీరు కొనే సీసాలన్నింటిలోనూ ఉండేది ఇదే పదార్థం.

అందువల్ల ఒక యాంటీబయాటిక్ కడుపులో మంట పుట్టించినట్టు ఈ మాత్ర ఒంటికి పడకపోవడం అరుదు. మాత్రలో కలిపే రంగుకో, లాక్టోజుకో కొద్దిమందికి దద్దుర్లు, కడుపు ఉబ్బరం వంటివి రావచ్చు. మిగతావారికి వచ్చే ఇబ్బందులలో ఎక్కువభాగం హార్మోను వల్ల కాక, దాని కొలత వల్ల వస్తాయి: అవసరమైనదానికంటే ఎక్కువ పడడం, ఒంటి శక్తికి మించిన వేగంతో పెంచడం, లేదా ఒకరోజు ఎక్కువగా, మరొకరోజు తక్కువగా ఒంటికి పట్టడం. కింది సమాధానాలలో చాలావరకు ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతాయి.

మాత్ర మొదలుపెట్టిన రెండో రోజు నుంచే గుండె దడగా ఉంది. మాత్ర వల్లేనా?

అయ్యే అవకాశం తక్కువ, కానీ ఆ దడను కొట్టిపారేయకూడదు. ఈ హార్మోను రక్తంలో చాలా నెమ్మదిగా కదులుతుంది; ఒకరోజు వేసుకున్న మాత్ర ప్రభావం సగానికి తగ్గడానికే సుమారు 7 రోజులు పడుతుంది. అందుకే రోజూ వేసుకునే మాత్ర ఒంట్లో కొద్దికొద్దిగా పేరుకుంటూ, 5 లేదా 6 వారాలకు గానీ ఒక నిలకడకు రాదు. మోతాదు నిజంగా ఎక్కువైతే దాని లక్షణాలు సాధారణంగా రెండు మూడు వారాల తరువాత బయటపడతాయి. 25 మైక్రోగ్రాముల మాత్ర రెండు రోజులు వేసుకున్న ఆరోగ్యవంతులకు దడ వస్తే, ముందుగా హిమోగ్లోబిన్ తక్కువగా ఉందా, నిద్ర సరిగా లేదా, సీసాతో వచ్చిన కాగితం మొత్తం చదివి భయపడ్డారా అని చూసుకోవాలి. ఆ కాగితం చదివిన సాయంత్రమే దడ మొదలైందని నాతో చెప్పినవారు తక్కువమంది కాదు.

మరొక కారణం కూడా ఉంది. హార్మోను తక్కువైన రోజులలో గుండె మందకొడిగా కొట్టుకుంటుంది. నెలల తరబడి దానికే అలవాటుపడిన మనిషికి, గుండె మామూలు వేగానికి రావడమే దడలా అనిపించవచ్చు. ఈ తేడాను అనుభూతితో తేల్చలేము, లెక్కతోనే తేల్చాలి. ఐదు నిమిషాలు కదలకుండా కూర్చుని, మణికట్టు దగ్గర బొటనవేలి వైపు రెండు వేళ్లు ఆనించి, గడియారం చూస్తూ పూర్తిగా 60 సెకన్లు నాడి లెక్కపెట్టండి. ఆ అంకెను తేదీ, సమయంతో సహా రాసిపెట్టండి. 70, 80 వస్తే ఆ దడ గురించి తరువాతిసారి డాక్టరుతో తీరిగ్గా మాట్లాడవచ్చు. విశ్రాంతిగా ఉన్నప్పుడు కూడా 100 దాటి వస్తూంటే, లేదా కొట్టుకోవడం క్రమం తప్పుతూంటే, ఆ రోజే ఫోన్ చేయాలి. "దడగా ఉంది" అని చెప్పడం కంటే "మూడు రోజులుగా పొద్దున 108 ఉంటోంది" అని చెప్పడం డాక్టరుకు ఎంతో ఎక్కువ ఉపయోగపడుతుంది.

మోతాదు ఎక్కువైందని ఎలా తెలుస్తుంది?

గుండె దడతో పాటు చేతివేళ్లు సన్నగా వణకడం, నిద్ర పట్టకపోవడం, ఊరికే చిరాకు రావడం, మామూలు కంటే ఎక్కువసార్లు విరేచనం కావడం, తిండి తగ్గకపోయినా బరువు తగ్గడం, ఇంట్లో అందరికీ బాగానే ఉన్నా మీకు మాత్రమే ఉక్కగా ఉండి చెమటలు పట్టడం, నెలసరిలో తేడా రావడం వంటివి ఎక్కువైనప్పటి గుర్తులు. ఈ ఊరిలో చెమటను ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. మే నెలలో కత్తిరి ఎండల వేళ చెన్నైలో ఎవరి చొక్కా పొడిగా ఉంటుంది? రాత్రి ఏసీ గదిలో కూడా చెమట పడుతూంటే మాత్రం అది చెప్పుకోదగిన విషయం.

నీరసం, జుట్టు రాలడం, మనసు బాగాలేకపోవడం మాత్రం హార్మోను తక్కువైనా వస్తాయి, ఎక్కువైనా వస్తాయి. వాటిని బట్టి మోతాదును ఊహించడం ఎవరికైనా కష్టమే. టీఎస్‌హెచ్ పరీక్ష అందుకే ఉంది. టీఎస్‌హెచ్ అంటే థైరాయిడ్ గ్రంథిని పనిచేయించడానికి మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి పంపే హార్మోను: ఒంట్లో హార్మోను తక్కువైతే టీఎస్‌హెచ్ పెరుగుతుంది, ఎక్కువైతే పడిపోతుంది. పెద్దలలో ఎక్కువ ల్యాబులు సుమారు 0.4 నుంచి 4 వరకు మామూలుగా చూపిస్తాయి. అది 0.1 కంటే కిందికి పడి చాలాకాలం అలాగే ఉంటే గుండె లయ తప్పే ప్రమాదం, నెలసరి ఆగిన స్త్రీలలో ఎముకలు పలచబడే ప్రమాదం పెరుగుతాయి.

పరీక్ష రెండు వారాలకే చేయించుకుంటే తొందరగా తేలిపోతుంది కదా?

తేలదు. హార్మోను నిలకడకు రావడానికే ఐదారు వారాలు పడుతుందని పైన చెప్పాను. దాన్ని చూసి స్పందించే టీఎస్‌హెచ్ ఇంకా వెనకబడి నడుస్తుంది. అందుకే 6 నుంచి 8 వారాలకు పరీక్ష రాస్తారు. రెండు వారాలకే వచ్చిన పెద్ద అంకెను చూసి కంగారుపడి మోతాదు పెంచితే, ఆ తరువాతి నెలలో దడ, వణుకు కొని తెచ్చుకున్నట్టే. లక్షణాలు తీవ్రంగా ఉంటే డాక్టరు ముందే పరీక్ష చేయించవచ్చు, అది వేరే సంగతి. పరీక్ష రోజు రక్తం ఇచ్చాకే మాత్ర వేసుకోవడం మంచిది, ఎందుకంటే మాత్ర వేసుకున్న తరువాత కొన్ని గంటలపాటు రక్తంలో టీ4 (అంటే థైరాక్సిన్) అంకె పెరిగి కనిపిస్తుంది.

పక్కింటావిడకు 100 రాశారు, నాకు 25 మాత్రమే రాశారు. తక్కువ కాదా?

గ్రంథి పూర్తిగా పనిచేయని పెద్దవారికి రోజుకు, కిలో బరువుకు సుమారు 1.6 మైక్రోగ్రాములు కావాలి. అంటే 60 కిలోల మనిషికి దాదాపు 100. మీ గ్రంథి ఇంకా సగం పని చేస్తూంటే అంత అవసరం లేదు. ఆరోగ్యంగా ఉన్న చిన్న వయసువారికి పూర్తి మోతాదుతోనే మొదలుపెట్టవచ్చు. వయసు పైబడినవారికి, గుండెజబ్బు ఉన్నవారికి 12.5 లేదా 25తో మొదలుపెట్టి కొన్ని వారాలకొకసారి పెంచుతారు. హార్మోను పెరిగినకొద్దీ గుండె పని, దానికి కావలసిన ప్రాణవాయువు కూడా పెరుగుతాయి. రక్తనాళాలలో అడ్డంకులు ఉన్న గుండెకు ఆ పని ఒక్కసారిగా మీదపడితే ఛాతీనొప్పి వస్తుంది. కాబట్టి ఆ చిన్న మోతాదు గుండె కోసం తీసుకున్న జాగ్రత్త.

సీసా మీద అంకెలు చూడమని ప్రతిసారీ ఎందుకు చెబుతారు?

ఈ మాత్రలు 12.5 నుంచి 150 మైక్రోగ్రాముల వరకు రకరకాల బలాలలో వస్తాయి, వాటిలో 12.5, 125 రెండూ ఉన్నాయి. చీటీ మీద చుక్క సరిగా కనిపించకపోతే పదింతల మందు చేతికొస్తుంది.

కొంతకాలం కిందట, నెల్లూరు నుంచి వచ్చి కూతురి దగ్గర ఉంటున్న ఒక పెద్దావిడ మా కౌంటరు దగ్గరికి నిద్రమాత్రలు ఉన్నాయా అని అడుగుతూ వచ్చారు. చీటీ లేకుండా ఇవ్వలేనని, కూర్చోమని మంచినీళ్లు ఇచ్చాను. గ్లాసు నోటి దగ్గరికి చేరేలోపు నీళ్లు తొణికి చీర కుచ్చిళ్ల మీద పడ్డాయి. ఆమె అది చూసి నవ్వి, "ఈ మధ్య ఇంతే బాబూ, పప్పుగరిటె కూడా నిలవట్లేదు" అన్నారు. ఏం మందులు వాడుతున్నారని అడిగితే సంచిలోంచి థైరాయిడ్ సీసా తీశారు. దాని మీద 125 అని ఉంది. సీసాకు రబ్బరు బ్యాండుతో చుట్టిన చీటీలో మాత్రం పన్నెండు తరువాత ఒక చిన్న చుక్క, ఆ పక్కన ఐదు ఉన్నాయి. ఆ సీసా ఏ దుకాణంలో కొన్నదీ ఇక్కడ అనవసరం. రద్దీ వేళ ఆ చుక్క నా కంటికి కూడా ఆనకపోయేదేమో. మూడు వారాలుగా ఆమె ఆ మోతాదు వేసుకుంటున్నారు. అప్పటికప్పుడు కూతురికి ఫోన్ చేసి డాక్టరు దగ్గరికి పంపాము. ఈసీజీ తీసి, కొన్ని రోజులు మాత్ర ఆపి, తరువాత సరైన మోతాదుతో మళ్లీ మొదలుపెట్టారు.

ఆ రోజు నుంచి నేను అంకెను పలికి మరీ అడుగుతాను, మీరు కూడా అలాగే అడగండి. తెలుగులో "పన్నెండున్నర", తమిళంలో "పన్నిరండరై" అని నోటితో చెప్పినప్పుడు జారిపోవడానికి చుక్క ఉండదు.

కాఫీ తాగిన తరువాత వేసుకోవచ్చా?

చెన్నైలో ఈ ప్రశ్న లేని రోజు ఉండదు. మాత్రను పరగడుపున మంచినీళ్లతో మాత్రమే వేసుకుని, కాఫీకి, టిఫినుకు కనీసం అరగంట, వీలైతే గంట ఎడం ఇవ్వాలి. కాఫీ ఈ హార్మోను పేగుల నుంచి రక్తంలోకి చేరడాన్ని తగ్గిస్తుంది, పాలలోని కాల్షియం కూడా అదే పని చేస్తుంది; చిక్కటి డికాక్షనులో పాలు కలిపిన ఫిల్టర్ కాఫీ రెండు అడ్డంకులనూ ఒకే గ్లాసులో పెడుతుంది.

దీనికీ సైడ్ ఎఫెక్టులకూ సంబంధం ఏమిటని మీరు అడగవచ్చు. ఒకరు రోజూ కాఫీతో పాటే మాత్ర వేసుకుంటున్నారనుకుందాం. మందు సగమే పడుతుంది, టీఎస్‌హెచ్ తగ్గదు, డాక్టరు 50ని 75 చేస్తారు, తరువాత 100 చేస్తారు. అప్పుడెవరో చెప్పగా ఆయన బుద్ధిగా మాత్రకూ కాఫీకీ గంట ఎడం పాటించడం మొదలుపెడతారు. ఇక 100 మైక్రోగ్రాములూ పూర్తిగా ఒంటికి పడతాయి, నెల తిరిగేసరికి దడ, వణుకు, నిద్రలేమి వస్తాయి. మందు మారలేదు, మారింది అలవాటు మాత్రమే. కాబట్టి ఇన్నాళ్లూ కాఫీతోనే వేసుకుంటూ ఉన్నట్టయితే, అలవాటు మార్చుకునే ముందు ఆ సంగతి డాక్టరుకు చెప్పి, మార్చిన 6 వారాలకు పరీక్ష చేయించుకోండి.

నా సలహా ఏమిటంటే, పాలప్యాకెట్టు గుమ్మం దగ్గర పడిన చప్పుడుకు లేచేవారు అప్పుడే మాత్ర వేసుకోవాలి. పాలు కాగి, డికాక్షను దిగి, స్నానం ముగిసేసరికి గంట గడుస్తుంది. ధనుర్మాసంలో తెల్లవారకముందే గుడికి వెళ్లి వేడి పొంగలి ప్రసాదం తీసుకునేవారు ఇంకొంచెం ముందు లేచి వేసుకోవాలి, లేదా ఆ నెలకు రాత్రివేళకు మార్చుకోవచ్చేమో డాక్టరును అడగాలి.

రాత్రి వేసుకుంటే నిద్ర చెడిపోదా?

సరైన మోతాదులో ఉన్నవారికి చెడిపోదు. భోజనం చేసి కనీసం మూడు గంటలు గడిచాక, పడుకునే ముందు వేసుకునే పద్ధతి కూడా ఆమోదయోగ్యమే. హార్మోను అంత నెమ్మదిగా పనిచేస్తుంది కాబట్టి ఆ రాత్రి వేసుకున్న మాత్ర ఆ రాత్రి నిద్రను పాడుచేయదు. నిద్ర పట్టడం లేదంటే వేళ కంటే మోతాదునే ఎక్కువ అనుమానించాలి.

మాత్ర మొదలుపెట్టాక జుట్టు ఇంకా ఎక్కువగా రాలుతోంది. ఆపేయాలా?

ఆపవద్దు. హార్మోను తగ్గిన కాలంలో చాలా వెంట్రుకలు ఎదుగుదల ఆగి నిద్రాణంగా ఉండిపోతాయి. మళ్లీ కొత్త ఎదుగుదల మొదలైనప్పుడు పాతవి ఊడి దువ్వెనలోకి వస్తాయి. మొదటి కొన్ని నెలలలో కనిపించే ఈ రాలుడు సాధారణంగా తాత్కాలికమే. ఆరు నెలలు దాటినా తగ్గకపోతే మోతాదుతో పాటు ఇనుము నిల్వలు కూడా చూపించుకోవాలి.

ఈ భయంతో చాలామంది బయోటిన్ అనే విటమిన్ మాత్రలు, గమ్మీలు కొనుక్కుంటారు. ఎక్కువ మోతాదు బయోటిన్ అనేక ల్యాబులలో థైరాయిడ్ పరీక్షను తప్పుదోవ పట్టించి, టీఎస్‌హెచ్‌ను అబద్ధంగా తక్కువగా, టీ4ను అబద్ధంగా ఎక్కువగా చూపిస్తుంది. ఆ కాగితం చూసినవారు మీకు మోతాదు ఎక్కువైందని తగ్గించేస్తారు. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు దాన్ని ఆపి, వాడుతున్న సంగతి చెప్పాలి.

బరువు తగ్గుతానా?

కొద్దిగా, అది కూడా ఎక్కువభాగం ఒంట్లో చేరిన నీరు. బరువు తగ్గడం కోసం మోతాదు పెంచుకోవడం మాత్రం గుండెతో ఆటలాడడమే.

వేరే మందులు కూడా వాడుతున్నాను. కలిపి వేసుకోవచ్చా?

కాల్షియం, ఐరన్ మాత్రలకు నాలుగు గంటల ఎడం తప్పనిసరి. యాంటాసిడ్ సిరప్పులకు కూడా అంతే. గ్యాస్ కోసం పాంటోప్రజోల్ వంటివి రోజూ వాడేవారిలో ఈ హార్మోను తక్కువగా పట్టవచ్చు కాబట్టి, వాటిని మొదలుపెట్టినా ఆపినా చెప్పాలి.

ఇంకో రెండు మందుల విషయంలో ప్రమాదం ఎదురుదిశలో ఉంటుంది. రక్తం పలచబడడానికి వార్ఫరిన్ వాడేవారిలో, థైరాయిడ్ మాత్ర మొదలయ్యాక దాని బలం పెరిగి రక్తస్రావం కావచ్చు. చిగుళ్ల నుంచి రక్తం వచ్చినా, ఒంటిమీద నీలి మచ్చలు కనిపించినా ఆగకుండా చూపించుకోవాలి. మధుమేహం ఉన్నవారికి ఇన్సులిన్ అవసరం పెరగవచ్చు, అందుచేత తొలి వారాలలో ఇంట్లో షుగరు తరచుగా చూసుకోవాలి.

ఇబ్బందిగా ఉంటే నాలుగు రోజులు ఆపి చూడవచ్చా?

మీ అంతట మీరు ఆపవద్దు. నాలుగు రోజులలో ఒంట్లోని హార్మోను కొద్దిగానే తగ్గుతుంది కాబట్టి ఆ ప్రయోగం మీకు ఏ జవాబూ ఇవ్వదు. తగ్గినట్టు అనిపించినా అది మాత్ర ఆపడం వల్లో కాదో తేలదు. డాక్టరు తగ్గించమంటే తగ్గించాలి, ఆపమంటే ఆపాలి. ఒకరోజు మరచిపోతే అదేరోజు గుర్తొచ్చినప్పుడు వేసుకోవచ్చు, కంగారు అక్కరలేదు.

గర్భం వస్తే ఏం చేయాలి?

నెల తప్పిందని తెలిసిన రోజే డాక్టరుకు చెప్పాలి. తొలి నెలల్లో బిడ్డకు తల్లి హార్మోనే ఆధారం. ఆ రోజుల్లో సాధారణంగా మోతాదును పాతిక నుంచి ముప్పై శాతం వరకు పెంచవలసి వస్తుంది. వేవిళ్ల వికారాన్ని మాత్రకు అంటగట్టి దాన్ని మానేసినవారిని చూశాను. అది చేయకూడని పని. పొద్దున వాంతులవుతూంటే వేళ మార్చమని అడగండి.

మాత్ర మొదలయ్యాక బాగుపడకపోగా ఇంకా నీరసించిపోతున్నాను, ఎందుకు?

నెల కూడా కాకపోతే, చాలావరకు మందు ఇంకా అందుకోలేదు. అయితే కళ్లు తిరగడం, బీపీ పడిపోవడం, వాంతులు, బరువు వేగంగా తగ్గడం, చర్మం నల్లబడడం వంటివి ఉంటే మాత్రం ఆగకూడదు. మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు కూడా బలహీనంగా ఉన్న అరుదైన కొందరిలో, థైరాయిడ్ మాత్ర వారి దగ్గర మిగిలిన కొద్దిపాటి అడ్రినల్ హార్మోను కార్టిసాల్‌ను వేగంగా ఖర్చుచేయించి ప్రాణం మీదికి తెస్తుంది. అటువంటివారికి ముందు కార్టిసాల్ లోటు తీర్చి, తరువాతే థైరాయిడ్ మాత్ర ఇస్తారు.

సీసాను ఎక్కడ పెట్టాలి? బ్రాండు మారితే ఫరవాలేదా?

వేడి, వెలుతురు, తేమ మూడూ ఈ మాత్రకు పడవు. సముద్రపు గాలి తగిలే ఈ ఊళ్లో మూడూ సమృద్ధిగా ఉంటాయి. పొయ్యి పైనున్న అలమరలో, స్నానాలగదిలో, ఎండలో నిలిపిన కారులో పెట్టకండి. మాత్రలను ఇంకో డబ్బాలోకి ఒంపకుండా అసలు సీసాలోనే, మూత గట్టిగా బిగించి, లోపలి చిన్న ఆరబెట్టే పొట్లాన్ని తీసేయకుండా ఉంచండి. బలం తగ్గిన పాత సీసాకు అలవాటుపడిన ఒళ్లు, కొత్త సీసా తెరిచాక మోతాదు పెరిగినట్టు స్పందించవచ్చు. బ్రాండు మారినా ఇటువంటి చిన్న తేడా రావచ్చు; వీలైనంతవరకు ఒకే బ్రాండులో ఉండండి, మారితే 6 వారాలకు పరీక్ష చేయించుకోండి.

ఎప్పుడు నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి?

ఛాతీలో నొప్పి లేదా బిగుతు, విశ్రాంతిలోనూ ఆయాసం, స్పృహ తప్పడం, క్రమం తప్పి వేగంగా కొట్టుకుంటూ ఆగని గుండె, ముఖం లేదా నాలుక వాపు, మాట తడబడడం వంటి వాటిలో ఏది వచ్చినా అపాయింటుమెంటు కోసం చూడకుండా 108కి ఫోన్ చేసి అత్యవసర విభాగానికి వెళ్లండి. ఇంట్లో చిన్నపిల్లలు సీసా తెరిచి మాత్రలు మింగినా, ఆ క్షణానికి హుషారుగా ఆడుకుంటూ కనిపించినా, తీసుకువెళ్లవలసిందే, ఎందుకంటే లక్షణాలు కొన్ని రోజుల తరువాత బయటపడవచ్చు. వెళ్లేటప్పుడు చీటీ ఒక్కటే కాక, మీరు రోజూ మాత్ర తీసుకుంటున్న సీసాను కూడా వెంట పట్టుకెళ్లండి.